యాసిడ్‌లో తేలిన మూడు గీతలు

జహీరాబాద్‌లో మంచి కత్తి కావాలంటే జహంగీర్ పేరు చెబుతారు. టీవీయో మిక్సీయో చెడిపోతే నా పేరు చెబుతారు, అదీ వేరే షాపు మూసి ఉంటేనే. మా రెండు దుకాణాలూ బొంబాయి రోడ్డు మీదే. మధ్యలో ఒక పంక్చర్ షాపు, ఒక చాయ్ బండి. నా పేరు సుదర్శన్. ఈ కథలో నా వాటా చిన్నదే గాని చెడ్డది. తర్వాత దాచాడని అనొద్దని ముందే చెప్పి పెడుతున్నాను.

జహంగీర్‌కు యాభై నాలుగేళ్లు. పొట్టి మనిషి, మెడ లేనట్టే ఉంటాడు. కుడి ముంజేతి మీద వెంట్రుకలు మొలవడం ఎప్పుడో మానేశాయి, రవ్వలు పడి పడి. మాట తక్కువ, కోపం ఎక్కువ. కత్తి పట్టుకొని "ఇది తుప్పు పడుతుందా?" అని అడిగిన గిరాకీ చేతిలోంచి కత్తి లాక్కొని "స్టీలు చెంచా కొనుక్కో" అని పంపించేసిన మనిషి. కానీ శుక్రవారం మధ్యాహ్నమైతే చాలు, కొలిమిలో ఎర్రగా కాగిన ఇనుము ఉన్నా వదిలేసి మసీదుకు పోతాడు. ముప్పై ఏళ్లలో ఒక్క జుమ్మా తప్పింది లేదు. "ఏం భాయ్, అక్కడ హాజరు పట్టీ తీసుకుంటున్నరా?" అని నేను ఎన్నిసార్లు ఎగతాళి చేశానో లెక్కలేదు. కోపగించుకునేవాడు కాదు, నవ్వేవాడూ కాదు. అంత కోపిష్టి ఈ ఒక్క మాటకు ఎందుకు ఊరుకుంటాడో ఆలోచించే తెలివి నాకు ఉండుంటే బాగుండేది.

చెరుకు నరికే కొడవళ్లు, మటన్ కొట్టే కత్తులు అతని బతుకుతెరువు. ఆరేళ్ల కిందట లహర్ కత్తులు మొదలుపెట్టాడు. లహర్ అంటే అల. కట్టె మిషన్లో అరిగిపోయిన రంపపు పట్టీలు, లారీ కమాన్ పట్టాలు ఒకదాని మీద ఒకటి పేర్చి తీగతో కడతాడు. తెల్లగా కాగేదాకా కొలిమిలో పెట్టి, వెలిగారం చల్లి, సమ్మెటతో కొడితే అన్నీ కలిసి ఒకే ముద్ద అవుతాయి. దాన్ని మెలితిప్పి, సాగగొట్టి కత్తి చేస్తాడు. సాన పట్టాక చూస్తే ఏమీ ఉండదు, మామూలు తెల్ల ఇనుము. యాసిడ్‌లో ముంచితేనే లోపలి పొరలు బయటపడతాయి. కమాన్ ఉక్కు నల్లబడుతుంది, రంపపు ఉక్కు తెల్లగా నిలుస్తుంది, కత్తి పొడుగునా అలలు లేస్తాయి.

ఆ యాసిడ్ ఇచ్చింది నేనే. సర్క్యూట్ బోర్డుల మీద అక్కరలేని రాగిని కడగడానికి మేం వాడేది, కషాయం రంగులో ఉంటుంది. ఎవరూ అడగక నా షాపు మూలలో దుమ్ము కొట్టుకొని ఉన్న సీసా అతని చేతిలో పెట్టాను. మొదటి కత్తి మీద అలలు తేలినప్పుడు ఇద్దరం పిల్లల్లా అరిచాం. పంక్చర్ షాపువాడు పాము వచ్చిందనుకొని కర్ర తెచ్చాడు.

తర్వాత యాసిడ్ పని అతని కూతురు సమీనా చేతికి వెళ్లింది. ఇరవై రెండేళ్ల పిల్ల, ఐటీఐ చదివింది. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకొని, నిలబెట్టిన పీవీసీ పైపులోకి కత్తిని తీగ కట్టి దించుతుంది. ఫోన్‌లో పది నిమిషాలకు అలారం పెట్టుకుంటుంది. తీసి, వంటసోడా నీళ్లలో కడిగి, సన్న గరుకు కాగితంతో రుద్ది మళ్లీ దించుతుంది. జహంగీర్‌కు ఆ ఓపిక లేదు, నిమిషానికోసారి ఎత్తి చూస్తాడు. "మాటిమాటికి మూత తీస్తే అన్నం ఉడుకుతదా చాచా?" అని సమీనా నాకు ఫిర్యాదు చేసేది.

పోయినేడు ఒక తమాషా జరిగింది. పాత ఆకురాయిని సాన పట్టి చేసిన చిన్న కత్తి ఒకటి యాసిడ్‌లో వేస్తే, ఎప్పుడో అరగదీసేసిన కంపెనీ ముద్ర మళ్లీ మసకగా తేలింది. సమీనా దాన్ని పట్టుకొని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ముద్ర గుద్దినప్పుడు పైన గుంట పడటమే కాదు, కింది ఇనుము కూడా నలుగుతుంది. పైది అరగదీసినా ఆ నలుగుడు లోపల అలాగే ఉంటుంది. యాసిడ్ దాన్ని వేరుగా తింటుంది, అందుకే తేలింది అని నాకు తెలిసినంత చెప్పాను. జహంగీర్ చాయ్ తాగుతూ విన్నాడు. సగం గ్లాసు అక్కడే పెట్టి లేచి పోయాడు. చాయ్‌లో ఈగ పడిందేమో అనుకున్నాను.

ఈసారి బక్రీద్ ఎనిమిది రోజులు ఉందనగా అమీరున్నీసా బేగం ఆటోలో వచ్చింది. ఆమె జహంగీర్‌కు పని నేర్పిన అస్లం ఉస్తాద్ భార్య. ఉస్తాద్ పోయిన చలికాలంలో పోయాడు. ఆమెకు డెబ్బై దాటాయి, చూపు సరిగా ఆనదు. ఆ సమయానికి జహంగీర్ బొగ్గు కోసం వెళ్లి ఉన్నాడు. ఉస్తాద్ పాత లుంగీ గుడ్డలో చుట్టిన ఛురీని, బక్రీద్‌కు కుర్బానీ కోసే కత్తిని, ఆమె సమీనా చేతిలో పెట్టింది. ఆమె మాట్లాడేది ఉర్దూ, నేను మన మాటల్లో రాస్తున్నాను.

"ఆయన పోయినంక ఇదే మొదటి బక్రీద్ బేటీ. ఆయన పేర కుర్బానీ ఇస్తున్న. మీ అబ్బా చేసిన ఛురీయే ఇది. మీ దగ్గర లహర్లు తేలుతయట గద, దీన్ని సుత జర మంచిగ చెయ్యి."

ఆ ఛురీ సంగతి మా బజారులో పాతవాళ్లందరికీ తెలుసు. అస్లం ఉస్తాద్ దగ్గర ఒక పద్ధతి ఉండేది. ప్రతి శిష్యుడూ తన కత్తి మీద పిడి పక్కన తన గుర్తు గుద్దుకోవచ్చు గాని, ఉస్తాద్ పరీక్ష నెగ్గేదాకా ఆ గుర్తుతో ఒక్క కత్తి కూడా అమ్మకూడదు. పరీక్ష బక్రీద్ ముందు వారం, ఉస్తాద్ ఇంటి వాకిట్లో, మటన్ షాపుల వాళ్లందరి ముందు జరిగేది. వేలాడదీసిన మోకును ఒక్క వేటుకు తెంచాలి, పొట్టేలు కాలి బొక్క మీద కొట్టాలి, ఆ తర్వాత కూడా తడి కాగితం కోయాలి. నెగ్గినవాడి కత్తి ఉస్తాద్ ఇంట్లో ఉండిపోతుంది, ప్రతి బక్రీద్‌కు దాంతోనే కుర్బానీ.

ముప్పై ఏళ్ల కిందట ఆ పరీక్షకు ఇద్దరు నిలబడ్డారు. ఒకడు జహంగీర్, గుర్తు నెలవంక. రెండోవాడు బస్వరాజ్, బీదర్ దిక్కు నుంచి వచ్చినవాడు, గుర్తు మూడు అడ్డగీతలు. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్లు. ఉస్తాద్ ఒకే కమాన్ పట్టాలోంచి రెండు ముక్కలు కోసి, ఒకే అట్ట కొలత ఇచ్చాడు. మూడు గీతల కత్తి మోకును తెంచింది గాని, బొక్క మీద పడగానే అప్పడంలా విరిగింది. వాకిట్లో జనం నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు, ఎదుటివాడు పడితే నవ్వొచ్చే వయసు. బస్వరాజ్ విరిగిన ముక్కలు రెండూ చేతిలోకి తీసుకొని కాసేపు చూశాడు. నెలవంక కత్తి వంతు వచ్చేదాకా కూడా ఆగకుండా వాకిలి దాటి వెళ్లిపోయాడు. మళ్లీ బజారులో కనబడలేదు. "బీదరోని కత్తి" అని అప్పడానికి నేనే పేరు పెట్టి, ఏళ్ల తరబడి చాయ్ బండి దగ్గర చెప్పి నవ్వించాను.

సరే, సమీనా ఆ ఛురీని యాసిడ్‌లో దించింది. ఒకే ఉక్కు గనక అలలు రావని ఆమెకు తెలుసు. కానీ పదును పెట్టిన అంచు ఒక రంగులో, మెత్తటి వెన్ను ఒక రంగులో తేలి, మధ్యలో మబ్బు అంచులాంటి గీత వస్తుంది. అది అమీరున్నీసా నానీకి చూపించాలని ఆమె ముచ్చట. గీత తేలింది. దాంతోపాటు పిడి పక్కన, నెలవంక కిందనుంచి, మసకగా మూడు అడ్డగీతలు కూడా తేలాయి.

జహంగీర్ వచ్చేసరికి నేను అక్కడే చాయ్ తాగుతున్నాను. సమీనా కత్తిని వెలుతురుకు పట్టి అడిగింది.

"అబ్బా, నీ చాంద్ కింద ఈ మూడు గీతలు ఎవరియి?"

తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో నేను ఆరోజు చూశాను. బొగ్గు సంచి భుజం మీదనుంచి దించడం కూడా మర్చిపోయాడు. "ఏమో, పాతయి" అన్నాడు. గుడ్డలో చుట్టి లోపల పెట్టమన్నాడు. మూడు గీతలు ఎవరివో నాకు తెలుసు. కానీ అవి విరిగిన కత్తి మీద ఉండాలి గదా, దీని మీద ఎందుకున్నాయో అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే అర్థమైంది, నమ్మబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం నా షాపుకు వచ్చాడు. షట్టర్ సగం తనే దించాడు. విప్పిన టీవీల మధ్య స్టూలు మీద కూచొని, నా ముఖం చూడకుండా చెప్పాడు.

"సుదర్శనన్నా, ఉస్తాద్ ఇంట్ల ఉన్న ఛురీ నాది గాదు. అది బస్వరాజ్‌ది. ఇరిగింది నాది."

నేను స్క్రూడ్రైవర్ కింద పెట్టాను.

"పదును పెట్టేటప్పుడు నాది ఎక్కువ కాగింది. నూనెల ముంచంగనే టిక్కుమన్నది. గా సప్పుడు ఇంటే కమ్మరోనికి ఎర్కనే, లోపట పగిలింది. పైకి ఏం కనవడలే. తెల్లారితే పరీక్ష. జుమ్మా నాడు ఉస్తాద్ నమాజుకు పోయిండు. బస్వరాజ్ బొగ్గుల కోసం చిరాగ్‌పల్లి పోయిండు. కడుపు నొస్తుందని నమాజుకు పోకుంట నేను ఉన్న. రెండు గుర్తులు సాన మీద అరగదీసిన. పిడి పక్క ఇనుము మెత్తగనే ఉంటది గద, దాని మీద దీన్ని, దీని మీద దాన్ని గుద్దిన. ఇర్వై నిమిషాలు పట్టలే."

"బస్వరాజ్ పోల్చుకోలేదా? తన చేతి కత్తి తనకు తెల్వదా?"

"రెండు ఒక్కతీరుగనే ఉండె. వానికి జర అనుమానం వచ్చినట్టే ఉండె, కత్తిని అటిటు తిప్పి చూసిండు. మల్ల గీతలు చూసిండు. నన్ను చూసిండు. నేను నవ్విన. నా మీద అనుమానం రాలే అన్నా వానికి. వాని చెయ్యి మీదనే వానికి అనుమానం వచ్చింది."

అలా అని ఏడ్చాడు. గట్టి మనిషి ఏడుపు చూడటానికి అసహ్యంగా ఉంటుంది, ముక్కు చీదుకోవడం కూడా చేతకాదు. నాకు జాలి కంటే ముందు భయమేసింది. ముప్పై ఏళ్లుగా నేను చెప్పి నవ్వించిన కథ అబద్ధమని తేలిపోతోంది. ఆ భయంలో నోటికొచ్చింది అనేశాను.

"ఇప్పుడు ఎవరికెర్క జహంగీర్ భాయ్? బస్వరాజ్ ఏడున్నడో, ఉన్నడో లేడో. పెద్దామెకు కండ్లే ఆనవు. జర సాన మీద పెట్టు, ఇంకొక్క పొర పోతే గీతలు పోతయి. సమీనాకు ఏదో ఒకటి చెప్తె సరిపాయె."

ఈ సలహా ఇచ్చింది నేనే. ఎవరూ నా నోట్లో పెట్టలేదు. చేసిన పాపం చెబితే పోతుందంటారు, నేను అరగదీస్తే పోతుందన్నాను.

అతను వెళ్లాడు. కాసేపటికి సాన మోటారు తిరుగుతున్న చప్పుడు వినబడింది. ఇనుము ఆనితే ఆ చప్పుడు మారుతుంది, మా బజారులో పసిపిల్లలకు కూడా తెలుసు. పది నిమిషాలైనా మారలేదు. వెళ్లి చూస్తే, సాన ముందు ఛురీ పట్టుకొని నిలబడి ఉన్నాడు. రాయికీ కత్తికీ మధ్య జానెడు దూరం. చెయ్యి ముందుకు పోవడం లేదు.

"పెట్టరాదు మరి," అన్నాను.

"ఒకపారి అరగదీసిన. అప్పుడన్న పిలగాన్ని, ఓడిపోతనని భయపడ్డ. ఇప్పుడు ఏమని చెప్పుకోవాలె అన్నా?"

సమీనా వెనకనుంచి వచ్చి మోటారు ఆపేసింది. ఎంతసేపటినుంచి వింటోందో తెలియదు. ముఖం పాలిపోయి ఉంది. ఆ పిల్ల ప్రతి గిరాకీకీ తన తండ్రి పరీక్ష నెగ్గిన కథ గొప్పగా చెప్పేది. నేను ఏదో ఒకటి చెప్పి సర్దమన్నది ఈ పిల్లకా అని నాకే సిగ్గేసింది.

"నానీకి నువ్వు చెప్తవా అబ్బా, నేను చెప్పాల్నా?" అంది.

మర్నాడు పొద్దున ఇద్దరం అమీరున్నీసా ఇంటికి వెళ్లాం. నన్నెందుకు తోడు తీసుకుపోయాడో గాని, వద్దనే ముఖం నాకు లేదు. ఆమె మంచం మీద తస్బీ పూసలు తిప్పుతోంది. జహంగీర్ కింద కూచొని, ఛురీ ఆమె ముందు పెట్టి, నాకు చెప్పినట్టే అంతా చెప్పాడు. ఆమె వేలితో తడిమి చూసింది. గీతలు వేలికి తగలవు, అయినా తడిమింది.

"ఆయనకు తెలుసా ఇది?"

"తెల్వది అమ్మీ."

"మంచిదైంది. తెలిస్తే అప్పుడే పోయేటోడు." తర్వాత మళ్లీ తస్బీ అందుకుంది. మేం వెళ్లిపోవాలా ఉండాలా తెలియక అలాగే కూచున్నాం. చివరికి ఛురీని అతని వైపు జరిపింది. "దొంగ ఛురీతో ఆయన పేర కుర్బానీ ఎట్ల ఇయ్యాలె? ముప్పై బక్రీదులు దీంతోనే కోసినం, తెల్వక. ఇప్పుడు తెలిసింది గద. దీని మాలిక్ బస్వరాజ్. వాడు ఇస్తె తీసుకొని రా. ఇయ్యకుంటె బజార్ల ఇంకోటి కొంట."

"బస్వరాజ్ ఏడున్నడో..." అని నేను నసిగాను.

"రాయికోడ్‌ల ఉన్నడు. ఆయన జనాజాకు వచ్చిండు. మీరెవ్వరు చూడలే. గోడ పక్కకు నిలవడి, మట్టి ఇచ్చినంక పోయిండు." అలా అని ముఖం గోడవైపు తిప్పుకుంది. జహంగీర్‌ను లెమ్మని కూడా అనలేదు.

రాయికోడ్‌కు నా బండి మీదే వెళ్లాం. ముందురోజు వానకు అల్లం పొలాల్లో మనుషులు వరసగా వంగి ఉన్నారు. దారంతా నేను ఒక్కటే ఆలోచించాను: బస్వరాజ్ బాగుపడి ఉండాలి, పెద్ద ఇల్లు కట్టి ఉండాలి, నవ్వి వదిలేయాలి. తప్పు చేసినవాడికి ఎదుటివాడు బాగుండాలని ఎంత ఆశగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

రేకుల ఇల్లు. వాకిట్లో అతని భార్య నారమ్మ కత్తిపీట ముందు కూచొని టమాటాలు కోస్తోంది. కోయడం కాదు, నలపడం. మేం ఎవరో తెలియకపోయినా, జహీరాబాద్ నుంచి అనగానే చాప వేసింది. లోపలికి కేకేసి మళ్లీ పనిలో పడుతూ నవ్వింది.

"కూసోండ్రి. కత్తిపీట మొద్దువారింది. సాన పట్టియ్యాల్నంటె సంతదాక మోసుకపోవాలె నేను. పేరుకు నా మొగడు ఒకప్పుడు కత్తులు చేసేటోడట!"

బస్వరాజ్ బయటికి వచ్చాడు. జుట్టంతా తెల్లబడింది. ఎవరి గోదాముకో కాపలా ఉంటాడట, ఖాకీ చొక్కా వేసుకొని ఉన్నాడు. భార్య మాటకు అలవాటైన నవ్వు నవ్వి, "నా చేతుల ఇనుము నిలవదు గద," అన్నాడు. తర్వాత జహంగీర్‌ను గుర్తుపట్టాడు. "జంగీరూ!" అని రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ సంతోషం చూడలేక నేను తల దించుకున్నాను. జహంగీర్ చేతులు విడిపించుకొని, సంచిలోంచి ఛురీ తీసి, గుడ్డ విప్పి అతని చేతిలో పెట్టాడు.

"చూడు. ఇది నీదిరా. నేను దొంగతనం చేసిన."

నిలబడే చెప్పాడు. జుమ్మా నాటి అబద్ధం, టిక్కుమన్న చప్పుడు, సాన, రెండు గుర్తులు, ఏదీ వదల్లేదు. తనకు భయమేసిందని గాని, వయసు చిన్నదని గాని ఈసారి అనలేదు. బస్వరాజ్ వింటున్నాడో లేదో తెలియలేదు. కత్తిని వెలుతురుకు పట్టి, పదును గీత వెంట బొటనవేలు జరుపుతున్నాడు. పిడి దగ్గరికి వచ్చి మూడు గీతల మీద ఆగాడు.

ముందు మాట్లాడింది నారమ్మ. టమాటా చేతిలో అలాగే ఉంది.

"అంటె ఈయన కత్తి ఇరగలేదా?"

"లేదమ్మా. నాది ఇరిగింది."

ఆమె లేచింది. ఇంత గొంతు ఆ మనిషిలో ఉందని ఎవరూ అనుకోరు.

"ముప్పై ఏండ్లు! కత్తిపీట మొద్దువారిన ప్రతిపారి ఈయన్ను తిట్టిన నేను. చేతగాని చేతులని తిట్టిన. బిడ్డ పెండ్లిల అందరి ముంగట అన్న. మళ్ల కొలిమి పెట్టుకుంట అని ఒకపారి అంటె, నీ కత్తి కొన్నోని గతి ఏంగావాలె అని నేనే ఆపిన. గా మాటలు నాయనుకున్న. నాయి గావు, నీయి! నా నోటితోటి నువ్వు తిట్టిపిచ్చినవ్!"

నా వంతు ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని భయమేసి, "ఆనాడు నవ్విన్రు గద బస్వరాజ్, అందరికంటె ఎక్కువ నేనే నవ్విన," అన్నాను.

"ఎర్కే," అన్నాడు, కత్తి మీదనుంచి చూపు ఎత్తకుండా. "నల్ల అంగీ ఏసుకున్నవ్."

నారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని మళ్లీ కూచుంది. బస్వరాజ్ అరుగు మీద కూలబడి, కత్తిని ఒళ్లో పెట్టుకున్నాడు. కత్తి వెన్ను నిమురుతూ అడిగాడు.

"నేను ఎల్లిపోయినంక... దీన్ని కొట్టి చూసినంక, ఉస్తాద్ ఏమన్నడు?"

జహంగీర్ ముఖం ఎర్రబడింది. ఉస్తాద్ ఆరోజు తనను పక్కకు పిలిచి ఏదో అన్నాడని మాకందరికీ తెలుసు గాని, ఆ మాట అతను ఎవరికీ చెప్పలేదు. పరాయి సొత్తని తెలుసు గనక చెప్పలేదేమో.

"చెప్పు. గది నాదే గద?" అన్నాడు బస్వరాజ్.

"కత్తిని కండ్లకు అద్దుకున్నడు. 'ఈ చెయ్యి నా చెయ్యి కంటె మేలు. ఇగ నేను సచ్చినా ఫికర్ లేదు' అన్నడు."

బస్వరాజ్ కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి, ఆ మాట తనలో తను అనుకుంటున్నట్టుంది. తర్వాత భార్య వైపు చూపించాడు.

"నాకు సరే. దానికి చెప్పు."

జహంగీర్ నారమ్మ ముందుకు పోయి, గచ్చు మీద మోకాళ్లు వేసి కూచొని, అక్షరం మార్చకుండా మళ్లీ చెప్పాడు. "మీ ఆయన చెయ్యిని అన్నడమ్మా, నన్ను గాదు," అని చేర్చాడు. ఆమె వింది. మొగుడి చేతులకేసి చూసింది, కొత్తగా ఎవరివో చూసినట్టు. ఆ చేతులు ఇప్పుడు సన్నగా వణుకుతున్నాయి. వాటితో ఇక సమ్మెట ఎత్తడం కాదు గదా, ఆకురాయి కూడా నిలకడగా పట్టలేడని మాకు ముగ్గురికీ కనబడుతూనే ఉంది.

బస్వరాజ్ ఛురీని గుడ్డలో చుట్టాడు. తనే, జాగ్రత్తగా, మూలలు మడిచి.

"పెద్దమ్మకు ఇయ్యి. ఉస్తాద్ పేర దీంతోనే కోయుమను. బస్వరాజ్ ఇచ్చిండని చెప్పు."

జహంగీర్ అతని కాళ్ల మీద పడబోయాడు. "మాఫ్ చెయ్యిరా. నీకేం గావాల్నన్న..."

బస్వరాజ్ కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. కోపంగా కాదు. గొంతు కూడా పెరగలేదు.

"కత్తి ఇచ్చిన. గంతే. ఇగ పోండ్రి." మేం వాకిలి దాటుతుంటే వెనకనుంచి పిలిచాడు. "జంగీరూ, మల్ల రాకు. నువ్వొచ్చి నా ముంగట గిట్ల కూసుంటె నాకు జాలయితది. జాలయితె మాఫ్ చేస్త. నాకు మాఫ్ చెయ్యబుద్ధి అయితలేదు."